చివర్లో లవంగం

మా వీధిలో ఆయన్ని అందరూ అట్టలాయన అనేవారు. పుస్తకాలకు అట్టలు కట్టడం ఆయన పని. నలభై ఐదేళ్ళు అదే పని చేయడంతో అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆయన గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రాయడానికి పెద్ద సంగతులేమీ లేవు. ఎవరితోనూ పోట్లాడలేదు, ఎవరినీ ఉద్ధరించలేదు, పొద్దున్నే గది తలుపు తీసి సాయంత్రం వేసేవాడు. ఒక్కసారి మాత్రం, తాను రాసిన మాట అబద్ధమని తేలినప్పుడు, దాన్ని నిజం చేయడానికి ముప్పై నాలుగు సీసాలు మళ్ళీ మొదటినుంచీ రుచి చూడడానికి కూర్చున్నాడు. ఆ సంగతే ఇది.

నేను పుస్తకాలు చదివేవాణ్ణి, ఆయన కట్టేవాడు. పరిచయం అలా ఏర్పడింది. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి దిగిపోయాక నాకు చదువు తప్ప వేరే వ్యాపకం లేదు. చినిగిన పుస్తకాలు సంచీలో వేసుకుని ఆయన దగ్గరికి వెళ్ళేవాణ్ణి. మూడంతస్తుల పాత ఇంట్లో, మెట్ల వెనకాల కింద గది ఆయనది. పెరటి వైపు ఒకే కిటికీ. కిటికీ కింద పొడుగాటి బల్ల. బల్ల చివర, చక్రం తిప్పితే దిగే ఇనప ప్రెస్సు. మేకుకి వేలాడే దారపు చుట్టలు, కత్తిరించగా మిగిలిన అట్ట ముక్కల బుట్ట, తడిగుడ్డ కప్పిన జిగురు గిన్నె. జిగురు తానే మైదాపిండితో కాచుకునేవాడు. పాడవకుండా ఏదో నూనె నాలుగు చుక్కలు వేసేవాడు. బ్రష్షు కంటే వేళ్ళే నమ్మకమని, కాగితం మీద జిగురు వేలితో పరిచేవాడు.

ఏ పుస్తకమిచ్చినా ముందు అరచేతిలో తూచి, వీపు నిమిరి, పేజీలు విసనకర్రలా ఒకసారి విప్పి చూసేవాడు. చదవడం మాత్రం మొదటి పేజీ, ఆఖరి పేజీ. మధ్యలోది కుట్టు చూస్తే తెలిసిపోతుందనేవాడు. మొదట్లో నేను నవ్వుకున్నాను.

"ఇదంతా చదివారా అన్నయ్యగారూ?" అని అడిగాడొకసారి.

"చదివాను."

"నాలుగో కట్ట దగ్గర ఆగిపోయారు. ఇక్కణ్ణుంచి కాగితం నలగనే లేదు."

నిజమే. ఆగిపోయాను. ఆ రోజు నుంచి ఆయన దగ్గర అబద్ధమాడకూడదని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయాన్ని ఒక్కసారి తప్పాను. ఆ సంగతీ ఇందులోనే వస్తుంది.

వీధి మూల మీద ఆయన బావ దుకాణం ఉండేది. బావంటే అక్క మొగుడు. సబ్బులు, రొట్టె, బల్బులు, చీపుళ్ళు, ఒక గోడ పొడుగునా వైన్ సీసాలు. పై అరల్లో ఖరీదైనవి. అవి కొనేవాళ్ళకు అంతా తెలుసు, ఏమీ అడగరు. కింది రెండు అరల్లో మాలాంటివాళ్ళం కొనుక్కోగలిగినవి. మేము వంగి, ఒక్కో సీసా తీసి, తిప్పి చూసి, "ఇదెలా ఉంటుంది?" అని అడిగేవాళ్ళం. బావ కడుపులో మంటతో టీ తప్ప ఏదీ ముట్టని మనిషి. దేన్నడిగినా "బాగుంటుందండీ" అనేవాడు. ఒకరోజు ఒక టీచరమ్మ సీసా కింద పెట్టేసి, "అన్నీ బాగుండేటట్టయితే ఇన్ని రకాలెందుకయ్యా, ఒక్కటే పెట్టుకో" అని వెళ్ళిపోయింది. బావకి అది గుచ్చుకుంది. ఆ సీసా పట్టుకుని తిన్నగా మెట్ల వెనక గదికి వచ్చాడు.

"ఒరేయ్ బావమరిదీ, ఇది తాగి ఎలా ఉందో చెప్పు."

"ఇప్పుడా?"

"ఏం, మేళం పిలిపించాలా?"

అట్టలాయన ఒక గుక్క తాగి, చాలాసేపు కిటికీలోంచి చూశాడు. "రేపు చెప్తా" అన్నాడు. మర్నాడు వెళ్తే "రేపు చెప్తా" అనే అన్నాడు. మూడో రోజు బావకి ఓపిక నశించింది.

"నేనడిగింది వైన్ ఎలా ఉందనిరా, నా జాతకం కాదు."

"చూడు బావా. నీ పై అరవాళ్ళు సీసా తీస్తే ఆ పూటే ఖాళీ చేస్తారు. కింది అరవాళ్ళం ఒక్క సీసా మూడు రోజులు నడుపుతాం. మొదటి రోజు రుచి చెప్పి మూడో రోజుది దాచిపెడితే అది సగం నిజమే కదా?"

అంటూ ఒక చీటీ చేతిలో పెట్టాడు. బుట్టలోని పల్చటి అట్ట ముక్కలు రెండు కలిపి అంటించి, ప్రెస్సు కింద నొక్కి, మూలలు గుండ్రంగా కోసి, పైన చిల్లు పొడిచి, పుస్తకాలు కుట్టే దారం ఎక్కించిన చీటీ. దాని మీద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "మొదటి రోజు కోపంగా ఉంది. రెండో రోజు పలకరించింది. మూడో రోజు కూర్చోబెట్టి మాట్లాడింది. తొందర ఉన్నవాళ్ళు కొనొద్దు."

బావ తల పట్టుకున్నాడు. "కొనొద్దు అని రాస్తావేంట్రా! నువ్వు నా బావమరిదివా, ఎదుటి కొట్టువాడి బావమరిదివా?"

అయినా చీటీని సీసా మెడకి కట్టాడు. సాయంత్రానికి ఆ రకం సీసాలు మూడు వెళ్ళిపోయాయి. తొందర లేదని చూపించుకోవాలని అందరికీ ఉంటుంది.

అలా రెండేళ్ళలో కింది అరల్లోని ముప్పై నాలుగు రకాలకూ చీటీలు వచ్చాయి. ఒక రకం సీసాలన్నిటికీ ఒకే మాట, ఒక్కొక్కటీ చేత్తో రాసిందే. మేము వైన్ కోసం ఎంత వెళ్ళేవాళ్ళమో చీటీలు చదవడానికీ అంతే వెళ్ళేవాళ్ళం. కొన్ని నాకిప్పటికీ కంఠతా వచ్చు.

ఒక తెల్లదాని మీద: "పచ్చి ఆపిల్ కోసినట్టుంది, తడిపిన పలక వాసన ఉంది. మూడో రోజుకి ఆపిల్ వెళ్ళిపోయింది, పలక మిగిలింది."

బాగా తియ్యనిదాని మీద: "మా మేనత్త మాటంత తీపి. ఆవిడ వచ్చి వెళ్ళాక ఇంట్లో ఏదో ఒక వస్తువు కనపడేది కాదు. చిన్న గ్లాసుతో ఆపండి."

గులాబీ రంగుదాని మీద: "రంగు చూసి కొంటారు. కొనండి. రంగు నిజమే."

బరువైన సీసా మీద: "బరువంతా గాజుది."

మరో దానికి ఏమీ తోచలేదనుకుంటాను. "అత్తారింట్లో మొదటిపూట కొత్త అల్లుడిలా ఉంది. మంచివాడే అయ్యుండొచ్చు" అని రాసి ఊరుకున్నాడు.

తయారీదారులు సీసా మీద అచ్చేసే మాటలు ఆయన చదివేవాడు కాదు. వాటిలో ఉండే పళ్ళ పేర్లు చూసి, "ఆ పండు మొహం నేనెప్పుడూ చూడలేదు. చూడని పండు ఇందులో ఉందని నేనెలా రాసేది?" అనేవాడు. తాను తిన్నది, ముట్టుకున్నది, వాసన చూసింది తప్ప రాయకూడదన్నది ఆయన నియమం. అందుకే చీటీల్లో తడిపలకలు, చెక్కిన పెన్సిళ్ళు, వేయించిన ఉల్లిపాయ, తోలు చెప్పులు, మేనత్తలు ఉండేవి.

ఇంకా లవంగం ఉండేది.

అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. ఐదో సీసాతోనో ఆరో సీసాతోనో "చివర్లో కాస్త లవంగం" అన్న మాట వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రతిదాంట్లోనూ అదే. ముందువాటికి కూడా మళ్ళీ రాసినప్పుడల్లా చేరింది. బావ వెక్కిరించేవాడు.

"ఇదేంట్రా, ఎర్రదాంట్లో లవంగం, తెల్లదాంట్లో లవంగం. వీళ్ళందరికీ సరుకులిచ్చే కొట్టు ఒక్కటేనా?"

"ఉన్నది రాశాను బావా. లేకపోతే ఎందుకు రాస్తాను?"

మాకూ తగిలేది మరి. సీసా వంచి గ్లాసులో పోసుకునేటప్పుడే ముక్కుకి సన్నగా సోకేది. తాగాక గొంతులో వెతుక్కుంటే దొరికేది. ఎదురింటి దర్జీ అయితే లవంగం ఏ సీసాలో ఎంత పాలో కూడా చెప్పేవాడు. నాకు పుస్తకంలో చదివిన వానకి ఒళ్ళు తడిసినట్టనిపించే అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది. అందుకని నేనేమీ ఆశ్చర్యపోలేదు.

హోటలావిడ వచ్చేదాకా అంతా సవ్యంగానే సాగింది.

బస్టాపు వెనక ఎనిమిది బల్లల భోజన హోటలు ఆవిడది. గొంతు పెద్దది, చెయ్యి దానికంటే పెద్దది. భోజనంతోపాటు జగ్గుల్లో వైన్ పెడదామని, చీటీలన్నీ చదివి ఒక ఎర్రరకాన్ని ఎంచుకుని ఒకేసారి డజను సీసాలు పట్టుకెళ్ళింది. చీటీ మీది మాటనే హోటలు ముందున్న నల్లబోర్డు మీద సుద్దతో రాయించింది: "మొదటి గుక్క గరుకు. తర్వాత మెత్తన. చివర్లో లవంగం." అట్టలాయన మాట మా వీధి దాటి బయటికి వెళ్ళడం అదే మొదటిసారి. ఆయన రెండుసార్లు బస్టాపు దాకా నడిచి వెళ్ళి ఆ బోర్డు చూసొచ్చాడు. బస్సెక్కే పని ఏమీ లేదు.

మంగళవారం పొద్దున నేను దుకాణంలో రొట్టె కొంటున్నాను. అట్టలాయన కొత్త చీటీలు తెచ్చి కడుతున్నాడు. హోటలావిడ గుడ్డ కప్పిన జగ్గు పట్టుకుని లోపలికి వచ్చింది.

"ఏదయ్యా లవంగం?"

"ఏ లవంగమమ్మా?" అన్నాడు బావ.

"బోర్డు మీద రాయించిన లవంగం! మూడు రోజుల్నుంచి జనం నన్ను ఆడుకుంటున్నారు. 'లవంగం వంటింట్లో మర్చిపోయావా వదినా' అంటాడొకడు. 'విడిగా అడిగితే ఇస్తారా' అంటాడు ఇంకొకడు. నేను ముప్పై ఏళ్ళుగా వండేదాన్ని, లవంగం వాసన నాకు తెలీదా? జగ్గులో తల దూర్చి మరీ చూశాను. లేదు!"

"ఉంటుందమ్మా" అన్నాడు అట్టలాయన మెల్లగా. జగ్గులోది ఒక గ్లాసులో పోసుకుని, అరచేతిలో పట్టుకుని, వాసన చూసి, తాగాడు. మొహం తేటపడింది. "ఉందమ్మా. ఇదిగో, మీరే చూడండి."

"నీ ఎంగిలి నాకెందుకు? నా జగ్గు నేను తాగలేదా?" అని ఆవిడ నావైపు తిరిగింది. "పెద్దాయనా, మీరు చెప్పండి. మీకు పక్షపాతం లేదుగా."

జగ్గులోంచి ఒక కాగితపు కప్పులో పోసి ఇచ్చింది. తాగాను. గరుకుగా ఉంది, తర్వాత మెత్తబడింది, తర్వాత ఏమీ లేదు. అట్టలాయన నావంకే చూస్తున్నాడు.

"ఉన్నట్టే ఉంది" అన్నాను. ఆ నిర్ణయం తర్వాత ఆయన దగ్గర నేనాడిన ఒకే ఒక్క అబద్ధం అది.

"ఈయనొకడు!" అంది హోటలావిడ. జగ్గు మీద గుడ్డ మళ్ళీ కప్పుకుంది. "చూడయ్యా, నాకు సోమవారం మళ్ళీ సరుకు కావాలి. ఏది ఎలా ఉంటుందో ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళు ఇక్కడుంటే ఇక్కడ కొంటాను. లేకపోతే ఊళ్ళో నీదొక్కటే కొట్టు కాదు. నా బోర్డు మీద అబద్ధం రాయించారు, అదీ నా బాధ."

ఆవిడ వెళ్ళాక బావ బల్ల కింద నుంచి ఒక పొట్లం తీశాడు. తయారీ కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన రంగుల కార్డులు. వాటి మీద ద్రాక్షతోటలు, సూర్యోదయాలు.

"చూడరా, నిన్నేమీ అనడం లేదు. కానీ ఇవి కట్టేస్తే గొడవే ఉండదు. రేపు ఎవడైనా వచ్చి అడిగినా, అబద్ధం వాళ్ళది."

"సోమవారం దాకా ఆగు బావా" అన్నాడు అట్టలాయన. చేతిలో మిగిలిన చీటీలు కట్టకుండానే జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను రొట్టె అక్కడే మర్చిపోయి ఇంటికి వచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన గదికి వెళ్ళాను. బల్ల మీద పుస్తకాలు పక్కకు జరిపి ఉన్నాయి. మధ్యలో చీటీ కట్టని ఆ ఎర్ర సీసా, గ్లాసు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది.

"ఉంది అన్నయ్యగారూ. నిన్న ఉంది, ఇవాళా ఉంది. నాకు ఉంది, ఆవిడకి లేదు. నాలుక చెడిపోయినట్టుంది నాకు. ఎప్పట్నుంచి చెడిందో! రెండేళ్ళుగా రాసినవన్నీ ఏమైనట్టు? జనం నా రాత చూసి ఇంటికి పట్టుకెళ్ళారు."

నిన్నటి నా అబద్ధం సంగతి చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో ఆయన భార్య లోపలినుంచి రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చింది. నేను చెల్లెమ్మా అని పిలిచేవాణ్ణి. పొడి మాటల మనిషి. అట్టలాయన ఒక గ్లాసు అందుకుని నాకిచ్చాడు. తాగుతున్నాను.

"అన్నయ్యగారూ, నీళ్ళు కూడా లవంగం వాసనేస్తున్నాయా?" అందావిడ.

గ్లాసు ముక్కు దగ్గరే ఆపేశాను. వేస్తున్నాయి.

"అదేంటే?" అన్నాడు అట్టలాయన.

"అదేంటంటే? ఈ ఇంట్లో మీ చెయ్యి తగిలిన ప్రతిదీ లవంగమే. దువ్వెన లవంగం, గొడుగు పిడి లవంగం, తలుపు గడియ లవంగం. జిగురుకి బూజు పట్టకూడదని పోస్తారుగా సీసాలు సీసాలు, లవంగ నూనె. అందరూ మైలుతుత్తం వేసుకుంటుంటే మీకు నూనె కావాల్సొచ్చింది. పెళ్ళయిన కొత్తలో నాకు తలనొప్పొచ్చేది. తర్వాత అలవాటైపోయింది."

ఆయన తన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియడం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నలభై ఐదేళ్ళ వాసన. వేళ్ళ మీద ఉన్నంతసేపు అది ఆయనకు వాసనే కాదు. గ్లాసు అంచు మీదికి చేరితేనే కొత్తగా తగిలేది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేంటే?"

"నన్నెవరడిగారు? మీరు చీటీల మీద లవంగం లవంగం అని రాస్తుంటే, వాటిల్లో కూడా వేస్తారు కాబోలనుకున్నాను."

తర్వాత మేం ముగ్గురం చేసిన పరీక్ష చూస్తే ఎవరైనా నవ్వేవాళ్ళు. ఆయన చేతులు వీపు వెనక్కి కట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ చేతులు కడుక్కుని, కొత్త గ్లాసు తీసి, వైన్ పోసి, పసిపిల్లకి మందు పట్టినట్టు ఆయన నోటికి పట్టింది. ఆయన తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచాడు.

"లేదు" అన్నాడు.

"మరి మాకెందుకు తగిలేది?" అన్నాను నేను. "నా ఇంట్లో, నా గ్లాసులో, నా చేతుల్తో పోసుకుని తాగాను. దర్జీ తాగాడు."

చెల్లెమ్మ ఆయన జేబులోంచి నిన్న కట్టకుండా మిగిలిన చీటీ ఒకటి లాగి నా ముక్కు ముందు పెట్టింది. రెండు అట్ట పొరల మధ్య అదే జిగురు. సీసా వంచినప్పుడల్లా అలాంటి చీటీ గ్లాసు మీద వేలాడేది. హోటలావిడ చీటీలన్నీ తెంపి పారేసి, వైన్ జగ్గుల్లోకి వంపేసింది. మా వీధి వైన్‌ని లవంగం లేకుండా తాగిన మొదటి మనుషులు ఆవిడ హోటల్లోవాళ్ళే.

"నిన్న నేను కూడా అబద్ధమాడాను" అని అప్పుడు చెప్పాను. "నాకు లవంగం తగల్లేదు."

ఆయన కోపగించుకుంటాడనుకున్నాను. "తెలుసు" అన్నాడు. "మీరు చెప్పేముందు కప్పులోకి చూశారు."

బావకి ఈ సంగతి చెప్పినప్పుడు దుకాణంలో నేనూ ఉన్నాను. ఆయన నవ్వీ నవ్వీ సబ్బుల పెట్టె మీద కూలబడ్డాడు.

"ఒరేయ్, ఇది అదృష్టంరా! జనానికి లవంగం నచ్చింది. ఆవిడ జగ్గులకి కూడా తలో చీటీ కట్టేద్దాం. లవంగం వచ్చేస్తుంది, అబద్ధం కూడా కాదు!"

అట్టలాయన జేబులోంచి కత్తెర తీశాడు. కింది అర దగ్గర కూర్చుని ఒక్కొక్క సీసా మెడ దారం తెంపడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, లేచేసరికి గంట పట్టింది. తర్వాత అరచెయ్యంత పెద్ద చీటీ ఒకటి తీసి తలుపుకి మేకు కొట్టాడు. దానికి జిగురు వాడలేదు.

"ఈ సీసాల చీటీల్లో 'చివర్లో లవంగం' అని రాశాను. లవంగం వైన్‌లో లేదు. నా చేతి జిగురులో ఉంది, చీటీ అట్టలోనూ ఉంది. మిగతా మాటల్లో ఎన్ని నిజమో ఇప్పుడు నాకు తెలియదు. అన్నీ మళ్ళీ రుచి చూసి రాస్తాను. అట్టలాయన."

"నా తలుపు మీద నీ తప్పు కొడతావురా?" అన్నాడు బావ.

"తప్పు నాదే, తలుపు నీదే. చీటీలు చదివినవాళ్ళందరూ వచ్చే తలుపు ఇదొక్కటే. ఇంకెక్కడ కొట్టను?"

వీధిలో ఒక్కొక్కరూ ఒక్కోలా తీసుకున్నారు. టీచరమ్మ చదివి, చిన్నగా నవ్వి, ఇంకోసారి చదివింది. దర్జీకి మాత్రం కోపమొచ్చింది. "నాకు ఉంది! రెండేళ్ళు తాగాను, రెండేళ్ళూ ఉంది. ఇప్పుడు లేదంటే ఎలా?" అని దుకాణంలో గొడవపెట్టుకున్నాడు. అట్టలాయన తెంపిన చీటీల్లోంచి ఒకటి తీసి ఇచ్చాడు. దర్జీ దాన్ని తన గ్లాసుకి కట్టుకుని తాగుతున్నాడని తర్వాత విన్నాను. ఎవరి రుచి వాళ్ళది.

సోమవారానికి ఐదు రోజులే ఉన్నాయి. ఒక్కో సీసాకి మూడు రోజులు అన్న నియమం ఆయన మార్చుకోలేదు. మూడు సీసాలు ఆ రోజే తెరిచారు, రెండు మర్నాడు. సాయంత్రం పని ముగించాక ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చునేవాడు, ఆవిడ గ్లాసు పట్టేది. నేను చీటీల మీద రాసేవాణ్ణి. ఆయన వేళ్ళు తగలకూడదు గనుక. ఈసారి అంటించడాల్లేవు, ఒంటిపొర మందపాటి కాగితం, చిల్లు, దారం.

రెండో రోజు ఆవిడ గ్లాసులో మిగిలిన గుక్క పారబోయబోయి, తనే తాగింది.

"ఎలా ఉంది?" అన్నాడాయన.

"ఏమో, నాకేం తెలుసు."

"తోచింది చెప్పు."

ఆవిడ గ్లాసు కిందపెట్టింది. "ఎండలో ఆరేసి, వేడివేడిగా తీసి మడతపెట్టిన దుప్పటిలా ఉంది."

ఆయన నావైపు తిరిగి, "రాయండి" అన్నాడు. "మాట మార్చకండి. ఆవిడ అన్నట్టే."

లవంగం తీసేశాక పాత మాటలు కొన్ని నిలబడ్డాయి, కొన్ని పడిపోయాయి. తడిపలక అలాగే ఉంది. ఒక ఎర్రదాంట్లో లవంగం పోయేసరికి దాని వెనక దాక్కున్న ఉడికిన బీట్‌రూట్ బయటపడింది. పాతికమందికి సిఫారసు చేసిన ఒక సీసాలో ఏమీ మిగల్లేదు. "ఇందులో నాకు నచ్చింది నా జిగురేనని ఇప్పుడు తెలిసింది" అని రాయించాడు. అది రాయిస్తున్నప్పుడు ఆయన గొంతులో బాధేమీ లేదు. ఆ సాయంత్రాలన్నీ ఆ గదిలో నవ్వులే నవ్వులు. ముప్పై ఏళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరు మనుషులు ఒకే గ్లాసు గురించి వాదించుకుంటుంటే విన్న సంతోషం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నేను మాత్రం మనసులో సోమవారాన్ని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ఆయనా లెక్కపెట్టుకుంటున్నాడని నాకు తెలుసు. ఆ పొట్లం ఇంకా బల్ల కింద ఉంది.

సోమవారం పొద్దున పదింటికి హోటలావిడ వచ్చింది. తలుపు దగ్గరే ఆగి, పెద్ద చీటీని పైకి చదివింది, వీధంతా వినపడేలా. లోపల బావ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. అట్టలాయన మూల ముక్కాలి పీట మీద కూర్చుని, ఐదు రకాల సీసాలకూ కొత్త చీటీలు, కాగితానికి వేలు తగలనీయకుండా దారం కొసలు పట్టుకుని, కడుతున్నాడు. తలెత్తలేదు.

"జిగురా!" అంది ఆవిడ లోపలికొస్తూ. "నేను ఇంకా నా ముక్కే పోయిందేమోనని మా అక్కకి ఫోను కూడా చేశాను."

ఆవిడ వంగి కింది అరలో తాను కొన్న ఎర్రరకం సీసా తీసింది. చీటీని మొదట ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత దూరంగా పట్టుకుని చదివింది.

"మొదటి గుక్క గరుకు. తర్వాత మెత్తన. చివర్లో ఏమీ లేదు. ముందు మంచి భోజనం ఉన్నప్పుడు ఏమీ లేకపోవడమే మంచిది. మూడో రోజుకి పులుస్తుంది, రెండు రోజుల్లో ముగించండి."

రెండోసారి చదివింది. ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వుతోంది.

"ఏమీ లేదని రాసి అమ్మేవాణ్ణి నా జన్మలో ఇప్పుడే చూస్తున్నాను. పన్నెండు కట్టించండి. ఇదిగో, ఈ దుప్పటిది కూడా ఒక ఆరు."

బావ హడావిడిగా బిరడా తీసే మరతో బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. "ఒక్క నిమిషమమ్మా, ఈసారి మీరే రుచి చూసి తీసుకెళ్ళండి. సీసా తెరుస్తాను, పరవాలేదు, ఒక గుక్క..."

"ఎందుకూ?" అంది ఆవిడ. "రాసి ఉందిగా."

సుద్దతో బోర్డు మీద ఎక్కించుకోవడానికి ఆ మాటల్ని ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది. బావ మర జేబులో పెట్టుకుని పన్నెండు సీసాలు పెట్టెలో సర్దాడు. అట్టలాయన కడుతున్న ముడి జారిపోయింది. లక్ష పుస్తకాలకు వేసిన ముడి. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. మూడోసారి నిలిచింది. ఆయన లేచి, మోకాళ్ళు రుద్దుకుని, కింది అర చివరనుంచి చీటీ లేని సీసా ఒకటి తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇంకా ఇరవై తొమ్మిదున్నాయి అన్నయ్యగారూ" అన్నాడు. "సాయంత్రం పెన్ను తెచ్చుకోండి."